సన్నబడిన మనిషి రక్తంలో కొవ్వు

మా అన్న దొంగతిండి తినలేదు. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఆ నెలల్లో మా ఇంట్లో, మా వీధిలో, మగ్గాల షెడ్డులో అందరూ తిన్నాడనే అనుకున్నారు. అలా అనుకోవడానికి అందరూ చూపించిన ఆధారం అంకెలే. అంకెల్లో తప్పు లేదు. చదివిన తీరులో ఉంది.

నాకు లెక్కలంటే ఇష్టం. చదివింది మాత్రం తొమ్మిదో తరగతి. నగరిలో మరమగ్గాల వాళ్ళకు నూలు లెక్క కట్టి చెప్పడం నా పని. ఇన్ని మీటర్ల బట్టకు పడుగుకు ఎంత నూలు కావాలి, పేకకు ఎంత, నేతలో పోయే తరుగు ఎంత. ఇది ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, చేస్తూ చేస్తూ పట్టుబడింది. ఈ లెక్క చెడేది ఎప్పుడూ తరుగు దగ్గరే. అందుకని ఒక చోట ఏదైనా తగ్గితే అది ఎటు పోయింది, ఇంకో చోట పెరిగితే ఎక్కడినుంచి వచ్చింది అని అడగడం నాకు అలవాటైపోయింది. అన్న విషయంలో కూడా నన్ను వదలకుండా పట్టుకున్న ప్రశ్న అదే.

అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు మగ్గాలు నడుపుతాడు. షుగర్ జబ్బు మాత్రలకు లొంగక ఇన్సులిన్‌కు వచ్చి ఏళ్ళు గడిచాయి. పొద్దునా సాయంత్రమూ మగ్గాలు ఆపి ఇంట్లోకి వస్తాడు. సీసాను రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, పొట్ట మీద సూది వేసుకుని, గడియారం చూసుకుంటూ కాసేపు కూర్చుని, అప్పుడు మూడు ఇడ్లీలు తింటాడు. నాలుగోది వడ్డించబోతే చేయి అడ్డం పెడతాడు. "మా ఆయన నోరు కట్టుకున్నోడు" అని వదిన బంధువుల దగ్గర గొప్పగా చెప్పుకునేది.

మూడు నెలలకోసారి తిరుపతిలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేవాళ్ళం. డాక్టరమ్మ చెప్పే అంకెలు అన్నకు గుర్తుండవని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. మూడు నెలల షుగర్ సగటు ఏడుకు అటూ ఇటూ ఉండేది. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, నూటయాభై దాటేది కాదు. తిరిగి వచ్చేటప్పుడు పుత్తూరు దగ్గర బస్సాగితే అన్న చక్కెర లేని టీ తాగి, "ఈసారి కూడా పాసయినానురా" అనేవాడు.

మా వైపు తమిళ నెలలు కూడా నడుస్తాయి. దసరా దగ్గర్లో పెరటాసి నెల వస్తే, పెరుమాళ్ళకు శనివారం తళిగ వేసే ఇళ్ళలో కోడిగుడ్డు కూడా గడప దాటదు. తళిగ అంటే ఆకు మీద స్వామికి పెట్టే భోజనం. ఆ శనివారాల్లో అన్న నామం పెట్టుకుని, ఇత్తడి చెంబుకు కూడా నామం దిద్ది, గోవిందా అంటూ నాలుగు వీధులు తిరిగి బియ్యం అడిగి తెస్తాడు. ఎంత కలిగినవాడైనా ఆ రోజు చేయి చాచాల్సిందే. ఆ బియ్యంతోనే అన్నం, చక్కెర పొంగలి వండి తళిగ వేస్తారు. పొంగలి అందరికీ పంచాక, అన్న వేలికి అంటినంత కళ్ళకద్దుకుని నాలుక మీద పెట్టుకునేవాడు. అది వదిన చూస్తుండగానే.

ఆ ఏడు పెరటాసి అయిపోయి దీపావళి దగ్గరపడేసరికి అన్న చొక్కాలు వదులయ్యాయి. బెల్టుకు మేకుతో కొత్త రంధ్రం పొడుచుకున్నాడు. మగ్గం పక్కన ఎప్పుడూ నీళ్ళ బిందె ఉండాల్సి వచ్చింది. ఇంట్లో వేలు గుచ్చి చూస్తే ఒకసారి మూడు వందలు, ఒకసారి మూడు వందల యాభై.

"పెరటాసిలో యాడేడ తినినావు? నిజం జెప్పు" అని వదిన అడిగింది.

"తళిగ పొంగలి రవ్వంత. నీ ముందరే గదా."

"వీధులన్నీ తిరిగినావు గదా. బియ్యమొక్కటే ఏసినారా, పాయసం గలాసులు గూడా ఇచ్చినారా?"

"నువ్వూ రావాల్సింది మే, చెంబు మోసేదానికి."

ఇద్దరూ నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను, నేనూ నవ్వాను. తర్వాత వారం అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

షెడ్డులో మగ్గం నడిపే ఒకాయన మాకు దూరపు వరసలో బావ అవుతాడు. మగ్గాల చప్పుడులో గొంతు పెంచి మాట్లాడటం ఆయనకు అలవాటు.

"ఏం బావా, పెరుమాళ్ళ పేరు జెప్పి బాగా లాగించినట్టుండావే. ఇంగ రవ్వంత సన్నబడితే కండెకు చుట్టేయొచ్చు నిన్ను."

"చుట్టు. పేకకు నూలు మిగుల్తాది" అన్నాడు అన్న.

మొదటిసారి అలా బదులిచ్చాడు. తర్వాత అలాంటి మాటలు వినిపిస్తే మగ్గం వైపు తిరిగిపోయేవాడు.

ఒకరోజు వదిన అన్న చొక్కా ఉతకబోతే జేబులో బెల్లం ముక్క దొరికింది. షుగర్ ఉన్నట్టుండి పడిపోయి చెమట పట్టి వణుకు వస్తే నోట్లో వేసుకోమని డాక్టరమ్మే ఎప్పుడో చెప్పింది. అన్న జేబులో అది ఏళ్ళ తరబడి ఉంటోంది. వదినకూ ఆ సంగతి తెలుసు. కానీ ఆ రోజు ఆమె దాన్ని కాగితంలో పెట్టి నాకు చూపించింది.

"సూడప్పా, మీ అన్న యవ్వారం."

"అది మందు కింద పెట్టుకునింది గదా వదినా."

"పడిపోయేదానికి మందు. ఈయనకు యాడ పడిపోతాండాది? మూడు నూర్లు ఉండే మనిషికి బెల్లం ఏమిటికప్పా?"

లెక్కగా చూస్తే ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. అన్న లోపలినుంచి వింటున్నాడు. బయటికి రాలేదు. ఆ రోజు నుంచి జేబులో బెల్లం పెట్టుకోవడం మానేశాడు.

కార్తీకంలో తిరుపతి వెళ్ళాం. షుగర్ సగటు పదకొండుకు చేరింది. ట్రైగ్లిజరైడ్లు ఆరు వందలు దాటాయి. డాక్టరమ్మ ఊళ్ళో లేదు. ఆమె బదులు కూర్చున్న చిన్న డాక్టరు ఇన్సులిన్ మోతాదు పెంచి, నూనె తగ్గించమని, తీపి ముట్టుకోవద్దని చెప్పి పంపాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆయన ముందున్న కాగితం చూసి ఎవరైనా అదే చెబుతారు.

నూనె తగ్గించమంటే వదిన పూర్తిగా ఆపేసింది. తిరగమోత లేదు, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి లేదు. ఉడికించిన ఆకుకూర, ఉప్పు, మిరపకాయ. కడుపు నిండాలి కాబట్టి సంగటి ముద్ద పెద్దదైంది. రాగిసంగటి షుగర్‌కు మంచిదని మా వైపు అందరి నమ్మకం, ఎంత తిన్నా మంచిదే అన్నంత నమ్మకం. అన్న వంటింట్లో తినడం మాన్పించి, వీధి అరుగు మీద తన కళ్ళెదుట కూర్చోబెట్టింది. అక్కడితో ఆగకుండా, సందు చివర టీ అంగడికి వెళ్ళి తన భర్తకు టీ ఇవ్వొద్దని చెప్పి వచ్చింది. మర్నాడు అన్న అక్కడికి వెళ్ళినప్పుడు నలుగురు కూర్చుని ఉన్నారు.

"అన్నా, నీకు ఇయ్యొద్దని అక్క జెప్పి పోయిందే" అన్నాడు అంగడాయన. ఎగతాళి చేయాలని కాదు. ఆయన గొంతే అంత.

"చక్కెర లేకుండా ఇయ్యి."

"అది గూడా వద్దనిందన్నా."

అన్న పర్లేదన్నట్టు చేయి ఊపి వెనక్కి వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే కూర్చున్న బల్ల అది. మళ్ళీ అటు వెళ్ళలేదు.

వదిన చెడ్డది కాదు. అది కూడా రాయాలి. భర్త పోతాడేమోనని ఆమెకు భయం. ఆమె తండ్రికి ఇదే జబ్బులో కాలు తీసేశారు, తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఆయన దాచుకుని దాచుకుని మైసూర్‌పాక్ తినేవాడని ఆమే చెప్పింది. అన్నను కాపలా కాసినప్పుడల్లా ఆమె కళ్ళ ముందు ఉన్నది ఆ తండ్రే అనుకుంటాను.

నాకు మాత్రం లెక్క కుదరలేదు. నూలు వ్యాపారి దగ్గర కాటా మీద అన్నను నిలబెట్టి తూచాను. వేసవితో పోలిస్తే పదకొండు కిలోలు తక్కువ. దొంగతనంగా తినేవాడైతే ఆ తిన్నది ఎక్కడో కనబడాలి. నూనె ఆగింది. ఒళ్ళు తరిగింది. రక్తంలో కొవ్వు మాత్రం నాలుగింతలైంది. ఇదే వదినతో అన్నాను.

"బయటినుంచి కొవ్వు రాలేదు వదినా. మనిషి కరిగిపోతాండాడు. ఈ కొవ్వు యాడినుంచి వస్తాది?"

"నన్నడిగితే నాకేం తెలుసప్పా. తినే ఆయన్నడుగు."

అన్నను అడిగాను. ఆయన నీళ్ళు తాగుతున్నాడు. చెంబు దించి నోరు తుడుచుకున్నాడు.

"నన్నే కరిగించి నాకే పోస్తాండారేమోరా" అన్నాడు.

అది విసుగుతో అన్న మాట. అప్పుడు మా ఇద్దరికీ అది విసుగు మాటగానే తోచింది.

మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, ఒక పొద్దున అన్నకు కడుపులో నొప్పి మొదలై వీపులోకి దిగింది. వంగితే కొంచెం నయం, నిటారుగా ఉంటే ఓర్చుకోలేడు. వాంతులు. కారు మాట్లాడుకుని తిరుపతి తీసుకెళ్ళాం. వెనక సీట్లో వదిన ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు. ఆమె దారి పొడుగునా ఆయన నుదురు తుడుస్తూనే అడిగింది, "రాత్రి ఏం తినినావు? ఇప్పుడన్నా జెప్పు, డాక్టరుకు జెప్పల్ల గదా." ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.

ఆసుపత్రిలో రక్తం తీశారు. కాసేపటికి ల్యాబ్ అతను గొట్టం పట్టుకుని తానే బయటికి వచ్చాడు. యంత్రంలో పెట్టి తిప్పిన రక్తంలో ఎరుపు అడుగున దిగుతుంది, పైన లేత పసుపు నీళ్ళు నిలుస్తాయి. నేను అంతకుముందు చూసింది అదే. ఈ గొట్టంలో ఎరుపు పైన నిలిచింది తెల్లగా ఉంది. పొదుగు నుంచి అప్పుడే పిండినట్టు చిక్కటి పాలు.

"పొద్దున ఏం పెట్టినారమ్మా ఈయనకు, వెన్నా నెయ్యా?" అని అడిగాడు.

వదిన ఆ గొట్టం వైపు చూసి, గోడకు ఆనుకుంది.

"నేనేం పెట్టలేదు నాయనా. నూనె చుక్క గూడా పెట్టలేదు. ఎవురు పెట్టినారో ఆయన్నే అడగండి."

అన్న చక్రాల మంచం మీద రెండు అడుగుల దూరంలో ఉన్నాడు. విన్నాడు. మెల్లగా గోడ వైపు తిరిగాడు. నొప్పికి తిరిగాడేమోనని మంచం పక్కకు వెళ్ళి చూశాను. నొప్పికి కాదు.

ట్రైగ్లిజరైడ్లు రెండు వేల ఎనిమిది వందలు. అంత కొవ్వుకు క్లోమం వాచిపోయిందని, నోటికి ఏమీ ఇవ్వకూడదని, సెలైన్‌తో పాటు ఇన్సులిన్ నరంలోకి ఎక్కిస్తామని చెప్పారు. మర్నాడు మా పాత డాక్టరమ్మ వచ్చింది. కాగితాలన్నీ తిరగేసింది. నా సందేహం ఆమెను అడిగాను. ఆమె వరండాలోకి తీసుకెళ్ళి, మా ఇద్దరినీ కూర్చోమని, తీరిగ్గా చెప్పింది.

ఇన్సులిన్ చక్కెరను ఒంట్లోకి పంపుతుందనే అందరికీ తెలుసట. దానికి ఇంకో పని ఉంది. ఒంట్లో దాచిన కొవ్వును కదలకుండా పట్టి ఉంచేది కూడా అదే. ఇన్సులిన్ చాలకపోతే ఆ పట్టు వదులవుతుంది. కొవ్వు విడిపోయి కొవ్వు ఆమ్లాలుగా రక్తంలోకి వచ్చేస్తుంది. కాలేయం వాటిని అందుకుని, మళ్ళీ కొవ్వుగా కట్టి రక్తంలోకే వదులుతుంది. మామూలుగా ఆ కొవ్వును రక్తంలోంచి తీసేసే పని జరుగుతూ ఉంటుంది, కానీ అది కూడా ఇన్సులిన్ ఉంటేనే సరిగా నడుస్తుంది. రాకడ పెరుగుతుంది, పోకడ తగ్గుతుంది. చక్కెర ఎక్కువగా ఉంటే కాలేయం దాన్నుంచి కూడా కొవ్వు చేస్తుంది. నూనె మానినా ఇది ఆగదు.

"అంటే ఆయన తరిగిందే రక్తంలోకి వచ్చిందా?" అన్నాను.

"చాలావరకు అంతే" అంది. "ఆయన తిన్నాడని నాకనిపించడం లేదు. ఒంటికి ఇన్సులిన్ అందలేదనిపిస్తోంది. రోజూ వేసుకుంటున్నారు కదా?"

"పొద్దునా సాయంత్రం. ఒక్కపూట మానలేదు" అంది వదిన. ఆ విషయంలో ఆమె భర్తను ఎప్పుడూ అనుమానించలేదు.

"మందు ఎక్కడ పెడుతున్నారు?"

"ఫ్రిజ్జులోనే."

"ఎప్పుడూ ఫ్రిజ్జులోనేనా?"

వదిన వెంటనే జవాబు చెప్పింది. ఆమె గొంతులో దాపరికమేమీ లేదు, శ్రద్ధే ఉంది. "ఈ పెరటాసిలో మటుకు లేదమ్మా. తళిగకు నెయ్యి, పాలు, పిండి అన్నీ ఆ ఫ్రిజ్జులోనే పెడతాం గదా. ఈ మందు పందినుంచి తీస్తారని ఈ ఏడే భజనలో ఒకామె జెప్పింది. స్వామికి పెట్టే వాటి పక్కన అదెట్లా పెట్టేది? కొత్త స్టీలు డబ్బాలో పెట్టి, పసుపు గుడ్డ చుట్టి, షెడ్డులో పై అరలో పెట్టినాను. ఎవురి చెయ్యీ తగలకుండా. నెల అయినాక మళ్ళా ఫ్రిజ్జులోకి తెచ్చినాను."

ఆర్నెల్లకు సరిపడా సీసాలు అన్న ఒకేసారి కొనేవాడు. అవన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. షెడ్డు పై అర అంటే రేకుకు జానెడు కింద. కింద మగ్గాల మోటార్లు వేడెక్కి ఉంటాయి. పెరటాసి ఎండకు ఆ అరలో చేయి పెట్టినవాళ్ళు వెంటనే వెనక్కి తీసుకుంటారు. ఆ మందు మామూలుగానే మబ్బు రంగులో ఉంటుంది. చెడినా తేడా తెలియదు. చెడిన దాన్నే అన్న అరచేతుల మధ్య దొర్లించి, పొట్ట మీద పొడుచుకుని, గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. మోతాదు పెంచినప్పుడు చెడినదే ఎక్కువ వేసుకున్నాడు.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. ఇప్పుడు ఆ మందును ఏ జంతువునుంచీ తీయడం లేదని చెప్పింది. ఎండకు దాని బలం పోతుందని, ఆ సీసాలన్నీ పారేయమని చెప్పింది. తర్వాత వదిన భుజం మీద ఒక్కసారి చేయి వేసి లోపలికి వెళ్ళిపోయింది.

వదిన నన్ను చూడకుండా అడిగింది.

"మీ అన్నకు ఎవురు జెప్తారప్పా?"

ఆమే చెప్పింది. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. అన్న అంతా విన్నాడు. ముక్కులో గొట్టం ఉండటం వల్ల గొంతు మారిపోయింది.

"నేనూ సరే అన్నాను గదా" అన్నాడు. "నెల దినాలే గదా, పెట్టుమే అన్నాను."

కొత్త మందు ఎక్కుతుంటే అంకెలు రోజురోజుకూ దిగాయి. నాలుగైదు రోజుల్లో ట్రైగ్లిజరైడ్లు ఐదు వందల లోపుకు వచ్చాయి. ల్యాబ్ అతను ఈసారి పసుపు నీళ్ళ గొట్టం చూపించి నవ్వాడు. నవ్వాల్సిందే, అతని వరకు అది మంచి వార్త. నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చాక కొన్నాళ్ళు వదిన ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. టీ అంగడికి వెళ్ళి ఇవ్వమని చెప్పి వచ్చింది. ఎందుకు ఇవ్వొచ్చో ఆ అంగడాయనకు వివరించింది కూడా. వీధిలో అడిగినవాళ్ళకూ, అడగనివాళ్ళకూ మందు చెడిపోయిన సంగతి తానే చెప్పింది, తప్పు తనదని కూడా చెప్పింది. అందరూ తలాడించారు. సగం మంది ముఖాల్లో, మొగుణ్ణి వెనకేసుకొస్తోందిలే అన్న భావం కనబడింది. ఒక మనిషి తిన్నాడని నమ్మించడానికి ఒక్క బెల్లం ముక్క చాలు. తినలేదని నమ్మించాలంటే కొవ్వు ఆమ్లాల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అంతసేపు ఎవరు వింటారు?

ఒక సాయంత్రం నేను అరుగు మీద ఉన్నాను. లోపల వదిన గొంతు వినబడింది.

"ఒక్కమాట తిట్టయ్యా. నాలుగు మాటలు తిట్టు. నేను పడతాను."

"తిట్టేదానికేముందే. నువ్వు నా మంచికే జేసినావు."

"అట్లా అనొద్దు."

"మరెట్లా అనల్ల?"

నేను చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాను.

ఈ మధ్య తిరుపతి వెళ్ళి వచ్చాం. సగటు మళ్ళీ ఏడున్నరకు దిగింది. కొవ్వు నూట అరవై. బస్సు దిగి నడుస్తూ, అంకెలన్నీ బాగున్నాయని అన్నతో అన్నాను.

"బాగుండాయి, సరే" అన్నాడు. "అవి బాగలేనప్పుడు గూడా నేను బాగానే నడుచుకున్నాను గదరా."

నేను రిపోర్టులు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆ పూట నన్ను భోజనానికి ఉండమన్నారు. వదిన ఇద్దరికీ వంటింట్లోనే పీటలు వేసింది. తిరగమోత వేసిన పప్పు, ఒక చిన్న సంగటి ముద్ద, మజ్జిగ. వడ్డించి ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళింది. నేను కలుపుకోవడం మొదలుపెట్టాను. అన్న మొదలుపెట్టలేదు.

"మే, ఒకసారి వచ్చి నా కంచం చూసిపో" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. మగ్గం ఆపమని చెప్పినంత మామూలుగా అన్నాడు.

వదిన ఇటు తిరగలేదు. కొళాయి తిప్పి గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది. ఇది రోజూ జరుగుతోందని ఆమె వీపును చూస్తే అర్థమైంది.

అన్న ఇంకాసేపు ఎదురుచూశాడు. తర్వాత తన కంచాన్ని నా వైపు రవ్వంత జరిపాడు. నేను చూశాను. అప్పుడు ముద్ద చేతిలోకి తీసుకున్నాడు.